మైనస్ ఎనభై

కరెంటు పోయిన పదకొండో సెకనుకి
జనరేటర్ అందుకోవాలి.
అందుకునేదాకా నేను ఊపిరి తీయను.
ఫ్రీజర్‌లో రెండువందల పన్నెండుమంది ఆడవాళ్ళు
చిటికెనవేలంత గొట్టాల్లో నిలబడి ఉన్నారు,
పేర్లు లేకుండా, నంబర్లతో.

పేర్లు నాకు తెలుసు. తెలియనట్టే ఉండాలి.
సూది గుచ్చింది నేనే కదా.

పి-నలభై. చిత్తూరు పక్కన మామిడిగుజ్జు ఫ్యాక్టరీ.
తోతాపురి సీజనంతా నిలువుకాళ్ళ పని,
వేళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని సొన మచ్చలు.
"పదమూడేండ్లుగా ఉండాదమ్మా ఈ నొప్పి.
ఒకాయన గ్యాసన్నాడు. ఒకామె అపెండిక్సని కోసేసింది.
పిల్లోళ్ళు పుడితే పోతాదనింది మా అత్త.
పిల్లోళ్ళు పుట్టలా. నొప్పీ పోలా."
చెప్తూ నవ్వింది,
ట్యూబు నిండేదాకా నవ్వుతూనే ఉంది.

ఎముక విరిగితే మనకు పుత్తూరు కట్టుంది,
ఆకు పసరు, గుడ్డ, వెదురు బద్ద.
గర్భసంచి లోపల ఉండాల్సిన పొర
దారితప్పి అండాశయం మీద, పేగు మీద మొలిచి
నెలనెలా అక్కడే నెత్తురు కక్కితే
ఏ కట్టు కట్టేది?
కడుపుకు కన్నం పెట్టి కెమెరా దించినా
ఒక్కోసారి తప్పించుకునేదాన్ని
చేతి రక్తం ఒక గొట్టం, ముట్టు రక్తం ఒక గొట్టం,
ఇంతలో పట్టుకోవాలని మా ప్రాజెక్టు.
ఒక ప్రోటీనో, ఒక ఆర్ఎన్ఏ తునకో,
దొంగ వదిలిపోయిన చెప్పులాంటిది ఏదైనా.

నెత్తురంటే ఈ ఊళ్ళో లెక్కలు వేరు.
కొండకు టికెట్టు తీసుకునే ముందు
వేళ్ళు మడిచి తేదీలు చూసుకునే ఊరు.
వాయిదా మాత్రలు ఎన్నిసార్లు మింగావన్నది
మా ఫారంలో పదిహేడో ప్రశ్న.
తల ఎత్తకుండా "రెండుమూడుసార్లు" అంటారు.
అలా వాయిదా వేసే నెత్తురునే
నేను ఐసు మీద పెట్టి, ఒళ్ళో పెట్టుకుని
లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆటోలో తెస్తాను,
"రవ్వంత బిన్నా పోనీ అన్నా" అంటూ.

ఆదివారం రాత్రి గ్రాఫ్ వచ్చింది.
ఎర్ర చుక్కలు జబ్బున్నవాళ్ళు, నీలం చుక్కలు లేనివాళ్ళు.
పాకాల జంక్షన్ దాటిన పట్టాల్లా
రెండు గుంపులూ విడిపోవాలి.
విడిపోలేదు.
ఎరుపులోకి నీలం చుక్కలు జరిగొచ్చి కూర్చున్నాయి.
లెక్కలు చూసే కులశేఖర్ సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని
"మార్కర్ పనికిరాదేమో కాత్యాయనీ" అన్నాడు.

పనికిరానిది మార్కరేనా?
నీలం చుక్కల ఫారాలు కిందికి దించాను.
నొప్పి ఉందా? లేదు.
నొప్పి ఉందా? లేదు.
నొప్పి ఉందా? అందరికీ ఉండేదే.
"అందరికీ ఉండేదే" పక్కన కూడా
'లేదు' గడిలో టిక్కు.
పెట్టింది నా పెన్నే.

ఆరోగ్యవంతులు తక్కువపడిన వారం
నా చెయ్యి నేనే చాచాను. సి-ఇరవై ఏడు.
పదో తరగతి పరీక్షలో చున్నీ అంచు కొరికి చించినదాన్ని,
వేడినీళ్ళ సంచి తగిలి తగిలి
పొట్ట మీద చర్మం వలలా నల్లబడినదాన్ని,
"ఓర్చుకోవాల మే, మేమంతా ఓర్చుకోలేదా" అని
అమ్మ అంటే ఓర్చుకున్నదాన్ని,
ఒక్క టిక్కుతో దాటేశాను.
గ్రాఫ్ మీద నంబర్లుండవు.
ఉండనందుకు బతికిపోయాను.

ఒక్క చుక్క రుజువు కాదు, తెలుసు.
మార్కర్ నిజంగానే పనికిరాకపోవచ్చు కూడా.

కమిటీకి కాగితం పెట్టాను, ఆరో ప్రశ్న మారుస్తామని.
మూడు వారాలకు సంతకమైంది.
'నొప్పి ఉందా' కొట్టేసి
'ఆ రోజుల్లో ఏ పని మానుకున్నావు?'

మొదట అడిగింది రేణిగుంట హసీనాను.
కుట్టుమిషన్ పని.
చాలాసేపు ఆలోచించింది.
"మానేది యాడ మేడమ్?
ఆ మూడ్రోజులూ కాలితో తొక్కలేక
చక్రం చేత్తో తిప్పుకుంటా కుడతా."

గడి చాలలేదు.
కాగితం తిప్పి
వెనకవైపు రాశాను.